గరుకు ఎవరిది?

హెవీ మెటల్ అనే హోరు సంగీతం వాయించే బృందంలో బేస్ గిటార్ వాయించేవాణ్ణి అందరూ పునాది అంటారు. అనడం వరకే. ఇల్లు చూడ్డానికొచ్చినవాడు గోడల రంగు మెచ్చుకుంటాడు, కిటికీలు మెచ్చుకుంటాడు గానీ, "అబ్బ, పునాది ఏం పోశారండీ!" అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఈ కథలో బావ ఇరవై ఏళ్ళుగా ఆ పునాది పనే చేస్తున్నాడు. వారమంతా లిఫ్టులు బాగుచేస్తాడు, సెలవు రోజుల్లో లావుపాటి నాలుగు తీగలున్న గిటార్ మెడకు తగిలించుకుని వేదిక మీద ఎడమ పక్కన నిలబడతాడు. వాళ్ళ బృందం ఇప్పటికి నాలుగు ఆల్బములు తెచ్చింది. నాలుగింటి అట్ట మీదా బావ పేరుంది. పాటల్లో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా బావ దొరకడు.

దానికి కారణం గిటారాయన. అతన్ని చిన్నా పెద్దా అందరూ ఉరుము అనే పిలుస్తారు. మనిషి వెన్నలాంటివాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుగా వచ్చి నిలబడేది అతనే. గిటార్ చేతికిస్తే మాత్రం కిటికీ అద్దాలు వణకాలి. ఒకే పాటకి తన గిటార్‌ని నాలుగుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. నలుగురు లావుపాటి మనుషులు కూర్చున్న సోఫాలో చిన్నపిల్ల ఇరుక్కున్నట్టు, వాటి మధ్య బావ బేస్ ఊపిరాడక ఉండిపోయేది.

అయిదో ఆల్బం మిక్సింగు ఈసారి బావమరిది చేతికొచ్చింది. బావమరిదంటే బావ భార్యకు, అంటే అక్కకు, సొంత తమ్ముడు. విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ, డ్రమ్ములనీ, గిటార్లనీ హెచ్చుతగ్గులు చూసి ఒక పాటగా కలపడం అతని వృత్తి. వాటాలు పంచే పెద్దమనిషి పనే అదీను. ఎవరికెంత ఇచ్చినా తక్కువిచ్చావనే అంటారు.

పని అప్పగించిన రోజున బావ అతన్ని మెట్ల దగ్గరికి పిలిచి కుడిచెయ్యి చాపాడు. మెడలో నరమేదో నొక్కుకుపోయి నడిమివేలు మొద్దుబారింది. వచ్చే నెల ఆపరేషను. ఆ తర్వాత వేలికి స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు.

"బేస్ అంతా ఈ రెండు వేళ్ళ మీదే నడుస్తుందిరా బామ్మర్దీ. చూపుడువేలు, నడిమివేలు, ఒకటి తర్వాత ఒకటి. ఇదే నా ఆఖరి ఆల్బం అనుకో. ఒక్కసారి నేను వినబడాలి. ఎక్కువేం అడగట్లేదు కదా?"

"వినబడతావు బావా. నాదీ పూచీ," అన్నాడు బావమరిది, ఇంకా ఒక్క ట్రాకు కూడా వినకుండానే. మాటిచ్చేటప్పుడు మనవాళ్ళెవరికీ ముందూ వెనకా కనబడదు.

రెండు రోజుల తర్వాత ఉరుము ఒక్కడే వచ్చాడు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు, నీళ్ళు నమిలాడు, చివరికి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఏముందన్నా?"

"బేస్. ఎనిమిది పాటలకీ. నేనే వాయించా."

బావమరిది పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"వాడిది విన్నావుగా తమ్ముడూ. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ చప్పగా. వాడి తప్పు కాదు, వేలు ఆడట్లేదు. అలాగే వదిలేస్తే జనం నవ్వరూ? ఇరవై ఏళ్ళ స్నేహితుడు, మొహం మీద ఎలా చెప్పను? నువ్విది వాడెయ్. వాడికి తెలియక్కర్లేదు. ఎలాగూ డిస్టార్షన్ వేస్తే ఎవరు వాయించారో ఎవడు పోల్చుకుంటాడు?"

ఇది మెటల్ బృందాల్లో ఉన్న పాత అలవాటే. బేస్ సరిగ్గా కుదరకపోతే గిటారాయనే గుట్టుగా వాయించేస్తాడు, బేస్ వాయించేవాడు ఆల్బం వచ్చాక తన చెయ్యే అనుకుని మురుస్తాడు. ఉరుము చెడ్డబుద్ధితో చెయ్యలేదు, అది బావమరిదికీ తెలుసు. తెలిసినందువల్లే తిట్టి పంపలేకపోయాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది అతని పని.

బావమరిది పనిచేసే గది ఒక అచ్చాఫీసు మీద ఉంది. గోడలకు మందపాటి దుప్పట్లు, మూలల్లో దూది కుక్కిన చెక్కపెట్టెలు, ఎన్ని చేసినా కింద యంత్రం తిరుగుతుంటే నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. అందుకని మిగతావన్నీ ఎప్పుడైనా చూసుకునేవాడు గానీ, బేస్ మటుకు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకానే. కిందవాళ్ళు భోజనానికి లేచి యంత్రం ఆపే గంట అది. మూడేళ్ళుగా అతను ఏనాడూ వేళకు తిన్నది లేదు.

బేస్‌కి డిస్టార్షన్ వెయ్యడమంటే శుభ్రమైన శబ్దాన్ని కావాలని చింపడం. మొత్తం చింపితే కింది స్థాయిలో బలం పోతుంది. అందుకని ఒకే బేస్‌ని రెండు చేస్తారు. ఒకదానిలో కింది శబ్దం మాత్రం ఉంచి చింపకుండా వదిలేస్తారు, అది అడుగు. చెవికన్నా కడుపుకి ఎక్కువ తెలుస్తుంది. రెండోదానిలో పై శబ్దం మాత్రం ఉంచి బాగా చింపుతారు, అది గరుకు. దాన్నొక్కదాన్నీ వింటే అగ్గిపెట్టెలో తుమ్మెదని బంధించినట్టు రొదగా ఉంటుంది. గిటార్ల మధ్య పెడితే మాత్రం బేస్‌కి పళ్ళొచ్చినట్టుంటుంది.

బావ అడుగు బంగారంలా వచ్చింది. చిక్కంతా గరుకుతోనే. డిస్టార్షన్ గోరంతని కొండంత చేస్తుంది. చూపుడువేలి దెబ్బ గర్రుమంటోంది, నడిమివేలి దెబ్బ బుస్సుమని నీరుకారిపోతోంది. బావమరిది ఇంకాస్త చింపాడు. చింపాక శబ్దాన్ని అదిమి సమం చేద్దామని చూశాడు. మూడు మధ్యాహ్నాలు అలా గడిచాయి. కుంటు పోలేదు సరికదా, రొద పెరిగింది.

నాలుగోనాడు పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఉరుము వేళ్ళతో కాక చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో మీటాడు. స్కేలు పెట్టి గీసినట్టు ప్రతి దెబ్బా ఒకే ఎత్తు. గరుకు చేసి పెట్టాడో లేదో, గిన్నెకు మూత కుదిరినట్టు గిటార్ల మీద కుదిరిపోయింది.

అప్పుడు చేశాడు మనవాడు ఆ పని. అడుగు బావది, గరుకు ఉరుముది. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. 'అసలు బేసంటే అడుగే కదా, గరుకుదేముంది, పైపూత' అని తనకు తనే చెప్పుకున్నాడు. తప్పు చేసేవాడికి తర్కం ఎప్పుడూ బాగానే తడుతుంది.

మర్నాడు బావ పని బట్టల్లోనే వచ్చాడు. చేతులకి గ్రీజు, మోకాలి దగ్గర చిరుగు. యంత్రం ఆగగానే బావమరిది మొదటి పాట పెట్టాడు. బావ కూర్చోలేదు. పెద్ద స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పాట సగమయ్యేసరికి ఒక్కసారి కళ్ళు తెరిచాడు.

"నేనేరా! కింద నుంచి నేనే వస్తున్నానురా!"

"నువ్వే బావా."

"పైన గరుకు కూడా ఎంత సమంగా ఉంది! రెండు వేళ్ళూ ఒక్కలాగే పలుకుతున్నాయే. ఎలా తెచ్చావు?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. బావమరిది దాన్ని జారవిడిచాడు. "నాదేం లేదు బావా, నీ వేళ్ళ మహిమే," అన్నాడు.

బావ తన నడిమివేలిని పైకెత్తి, మడిచి, చాచి, చాలాసేపు చూసుకున్నాడు. పరీక్ష తప్పాననుకున్నవాడికి పాసయ్యావని ఉత్తరం వచ్చినప్పుడు ఉండే మొహం అది. వెళ్ళేటప్పుడు ఆ పాటని తన ఫోన్లోకి ఎక్కించుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగాడు. బావమరిదికి ఆ రోజు అన్నం సహించలేదు.

మూడో రోజు అక్క వచ్చింది. అక్క ఒక బడి ఆఫీసులో గుమాస్తా. పనివేళలో కుర్చీ వదిలి వచ్చిందంటే మాటలు కాదు. వచ్చీ రాగానే చెప్పుల్లోనే నిలబడి అడిగింది.

"ఒరేయ్, ఆ పాటలో వాయించింది ఎవర్రా?"

"అదేంటక్కా, బావే. ఎందుకలా అడుగుతున్నావు?"

"నా దగ్గరా నీ వేషాలు? పొద్దున్న ఆయన ఫోన్లో విన్నా. అందులో మీ బావ లేడు."

 అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయన ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గు పెట్టి వాయించలేదురా. పిల్లలు లేస్తారని, పక్కవాళ్ళు గోల పెడతారని, వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉత్త గిటారే వాయించేవాడు. పద్ధెనిమిదేళ్ళు. మీరందరూ గొప్పగా చెప్పే ఆ గుమ్మనే శబ్దం నాకు తెలియదు. నాకు తెలిసింది తీగ మీద ఆయన వేళ్ళు చేసే చప్పుడే. టక్కు, టిక్కు. టక్కు, టిక్కు. ఏడాదిన్నర కిందట ఆ టిక్కు తగ్గడం మొదలైంది. వేలు మొద్దుబారిందని ఆయన నాకు చెప్పకముందే నాకు తెలుసు. కూర తరుగుతూ విని, ఏడుపాపుకున్నాను. నీ పాటలో టిక్కు లేదు. అన్నీ టక్కులే."

అప్పుడు తట్టింది బావమరిదికి. ఫోనుకుండే చిన్న స్పీకరులో అడుగు పలకదు. గోరంత స్పీకరుకి ఆ బలం లేదు. అందులో బేస్ అని వినబడేదంతా గరుకే. లోకమంతా ఫోన్లో వినే రోజులివి. ఆ వినేవాళ్ళందరికీ బావ ఈసారి కూడా లేడు. పైగా చెయ్యి ఉండేది అడుగులో కాదు, గరుకులో. వేలికొస తీగని తాకడం, రాసుకోవడం, జారడం అన్నీ అక్కడే ఉంటాయి. చెవులే బతుకుతెరువుగా ఉన్నవాడికి అది వంటింట్లో నిలబడి విన్న మనిషి వచ్చి చెప్పాల్సొచ్చింది.

అతను దాచకుండా అంతా చెప్పేశాడు. అక్క తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"వేలు బాగానే ఉందట, ఆపరేషను వద్దంటున్నాడు," అంది. "నిన్న డాక్టరుకి ఫోన్ చేసి వాయిదా వెయ్యమన్నాడు. దేన్ని చూసుకునిరా? నీ పాటని చూసుకుని. ఇప్పుడెవరు చెబుతారు ఆయనకి?"

"నేనే చెబుతానక్కా. ఒక్క రోజు టైమివ్వు."

అక్క వెళ్ళాక పెన్‌డ్రైవ్ తీసి సొరుగులో పడేసి, బావ ట్రాకు మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. ఈసారి కుంటుని మాయం చెయ్యాలని వినలేదు, ఆ కుంటు ఎలా ఉందోనని విన్నాడు. అప్పుడు తన తెలివితక్కువ పని తనకే కనబడింది. ఇన్నాళ్ళూ ముందు చింపి, తర్వాత అదుముతున్నాడు. బలహీనంగా ఉన్న దెబ్బ చిరగడానికే చాలదు, చిరగనిదాన్ని తర్వాత ఎంత అదిమితే ఏం లాభం? పని నేర్చుకునే మొదటి నెలలో తెలియాల్సిన సంగతి. బావ మీద జాలితో, ఉరుము మీద మొహమాటంతో చెవులు మూసుకుపోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తను నేరం వేలి మీదికి నెట్టాడు.

వరస మార్చాడు. ముందు అదిమి రెండు దెబ్బలనీ దగ్గరికి తెచ్చాడు, తర్వాత చింపాడు, అదీ మునుపటిలో సగమే. ఇప్పుడు రెండూ వినబడుతున్నాయి. ఒకటి గర్ అని కరుస్తోంది, ఒకటి హుమ్ అని మూలుగుతోంది. కుంటు ఎక్కడికీ పోలేదు. కానీ తాళం ఒక్కచోటా తప్పలేదు. గిటార్ల మధ్య పెట్టి చిన్న స్పీకరులో విన్నాడు. అందులోనూ ఆ రెండు వేళ్ళూ నడుస్తున్నాయి.

మర్నాడు ఒంటిగంటకి బావ వచ్చాడు. "మళ్ళీ ఏం వండావురా?" అంటూ నవ్వుతూ కూర్చున్నాడు. బావమరిది పాట పెట్టకుండా ముందు మాట చెప్పాడు. నిలబడే చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు.

బావ నవ్వు మెల్లిగా దిగిపోయింది. మొహం గోడకున్న దుప్పటి వైపు తిప్పుకున్నాడు.

"మూడు రోజులురా," అన్నాడు. "మూడు రోజులు వేలు బాగుందనుకున్నాను. మొన్న లిఫ్టు పైన కూర్చుని, మోకాలి మీద వాయించుకుంటూ ఎంత సంతోషపడ్డానో నీకు తెలుసా? వాడు వాయించినందుకు నాకు కోపం లేదు. నువ్వు నా మొహం చూసి నా వేళ్ళ మహిమ అన్నావే, కోపం దానికి."

"తప్పయింది బావా. నువ్వలా సంతోషపడుతుంటే నోరు రాలేదు."

"నోరు రాకపోతే ఊరుకోవాలి గానీ, పొగుడుతావా?"

 బావమరిదికి కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. బావ అతన్నలా చూసి, "సరే, ఏడవకు. రెండూ వినిపించు," అన్నాడు.

బావమరిది సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. బావ మొదట ఉరుముది విన్నాడు. "శుభ్రంగా ఉంది. వెధవ, బాగా వాయించాడు," అన్నాడు. తర్వాత తనది విన్నాడు. తల వంచుకుని, పాట అయ్యేదాకా ఎత్తలేదు.

"కుంటుతోంది కదరా."

"కుంటుతోంది. అబద్ధం చెప్పను. తాళం మాత్రం ఎక్కడా పోలేదు."

బావ జేబులోంచి ఫోన్ తీశాడు. డాక్టరు ఆఫీసుకి చేసి, పాత తేదీకే వస్తానని చెప్పాడు. తర్వాత ఉరుముకి చేసి, "ఎక్కడున్నా రా," అని మాత్రం అని పెట్టేశాడు.

ఉరుము ఇరవై నిమిషాల్లో ఆయాసపడుతూ వచ్చాడు. గదిలో ఇద్దరి మొహాలూ, బల్ల మీద తన పెన్‌డ్రైవూ చూడగానే ఆ భారీమనిషి గుమ్మంలోనే సగమైపోయాడు.

"ఒరేయ్, నిన్ను తీసెయ్యాలని కాదురా. జనం నిన్ను చూసి నవ్వితే నేను తట్టుకోలేను."

"కూర్చో," అన్నాడు బావ. "నీది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నన్ను విను."

బావమరిది ఆల్బంలో ఉన్న ఒకే ఒక్క నిదానం పాట పెట్టాడు. ఉరుము మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, శిక్షకు సిద్ధపడినవాడిలా కూర్చున్నాడు. మొదటి చరణం అయింది. రెండో చరణం మొదలవబోయే ముందు ఉలిక్కిపడి చెయ్యెత్తాడు.

"ఆపు, ఆపు. అక్కడ బేస్ పైకెక్కి, నాలుగు మెట్లు దిగింది. ఏంటది? నేను వాయించినదాంట్లో అది లేదే."

"నువ్వెలా వాయిస్తావు?" అన్నాడు బావ. "అది నాది. చరణంలోకి అలాగే దిగుతాను. మొదటి ఆల్బం నుంచీ దిగుతున్నాను."

"నేనెప్పుడూ వినలేదే!"

"నీ పక్కనే నిలబడి వాయించానురా."

 బావమరిది ఆ ముక్కని మళ్ళీ పెట్టాడు. గర్, హుమ్, గర్, హుమ్ అంటూ బేస్ ఎక్కింది, దిగింది. ఉరుము మూడోసారి కూడా పెట్టమన్నాడు. వింటూ వింటూ ఆ పెద్దమనిషి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహం, నాలుగు ఆల్బములు, లెక్కలేనన్ని వేదికలు. పక్కనున్నవాడు ఏం వాయించాడో ఇవాళ విన్నాడు, అదీ వేలు పోయాక.

కొంతసేపటికి మొహం తుడుచుకుని బావమరిది వైపు తిరిగాడు.

"తమ్ముడూ, నా గిటార్లు తగ్గించు."

గిటార్ వాయించేవాడి నోట ఆ మాట రావడం బావమరిది తన వృత్తిలో ఏనాడూ ఎరగడు. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని వెంటనే నాలుగు గిటార్లనీ కాస్త కిందికి దించాడు.

"చాలా?" అని ఉరుము బావనడిగాడు.

బావ కళ్ళు మూసుకుని విన్నాడు. మొద్దుబారిన వేలు కుర్చీ చెయ్యి మీద చూపుడువేలి వెనకాలే నడుస్తోంది.

"ఇంకొంచెం," అన్నాడు.